ఆయన తెరిచి పెట్టిన కాగితాలు

"అందరికీ తెరిచి పెడతాలే, ఇంక గోల చెయ్యమాక," అన్నాడు మా ఆయన, సైకిల్ స్టాండు తన్నుతూ.

"తెరిస్తే తెరువు, లేకపోతే మానుకో. నాకేంది?" అన్నాను నేను, అన్నం కేరియరు చేతికిస్తూ.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. మధ్యాహ్నం భోజనం గంట కొట్టకముందే మిల్లులో కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయాడట. డాక్టరు వచ్చేసరికే ప్రాణం పోయింది. కేరియరు మూత కూడా తీయలేదు.

నాకు సంతకం గీయడం తప్ప రాదు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. ఆ తెరవడం ఏమిటో ముందు చెప్పాలి.

ఎనభైల చివరి సంగతి. నకరికల్లు దాటాక ఉన్న నూలు మిల్లులో ఆయన స్టోరు చూసేవాడు. మోటార్లు, బెల్టులు, బేరింగులు, ఏది ఎక్కడుందో ఏది ఎక్కడికి పోయిందో పెద్ద పుస్తకంలో రాసేవాడు. ఆ ఏడాది మిల్లుకు కంప్యూటరు వచ్చింది. మిషను ఒకటే. దానికి తీగలు కట్టి నాలుగు గదుల్లో నాలుగు టీవీల్లాంటివి పెట్టారు. స్టోరులో రాసింది ఫోర్‌మన్ గదిలోనూ మేనేజరు గదిలోనూ కనపడుతుందట. కాగితమే లేకుండా ఎట్లా కనపడుతుందని అడిగితే ఆయన రెండు రోజులు విడమరిచి చెప్పాడు. నా తలకెక్కలేదు.

కొన్నాళ్ళకు ఆయన రాసినదాన్ని ఎవరో చెరిపి ఇంకోటి రాశారు. ఈ అరలో ఉన్న బెల్టు ఆ అరలో ఉన్నట్టు పడింది. ఆయనకు రోషం వచ్చి, తన కాగితాలు, మిషనులో రాసినవాటిని నేను కాగితాలనే అంటాను, తను తప్ప ఇంకెవరూ చూడకుండా అందులోనే కట్టడి చేశాడు. దాంతో ఫోర్‌మన్‌కు చిన్న మేకు కావాలన్నా స్టోరు కిటికీ దగ్గరికి నడవాల్సి వచ్చింది. ఫోర్‌మన్ భార్య పంపు దగ్గర నన్ను దెప్పేది. "ఏమే, మిల్లు మీ ఆయనకు అత్తగారిచ్చిందనుకుంటన్నాడా ఏంది?" ఆ మాటలు పడలేక నేను రోజూ ఆయన్ని పోరేదాన్ని. ఆ పొద్దున దిగివచ్చాడు. నేనేమో నాకేంది అన్నాను.

పెద్దకర్మ అయిన మర్నాడు మేనేజరు కబురు పెట్టాడు. స్టోరులో పెద్ద మోటారు ఒకటి కనపడటం లేదట. కాలిన మోటార్లు ఎప్పుడూ వైండింగుకు ఇచ్చే నరసరావుపేట సాయిబును అడిగితే తన షాపుకు రాలేదన్నాడట. మా ఆయన అమ్ముకున్నాడేమో అన్న మాట అప్పటికే క్యాంటీనులో తిరుగుతోంది. పోయిన మనిషి మీద దొంగతనం. కాదని చెప్పుకోవడానికి ఆయనకు నోరు లేదు. ఎక్కడికి పంపాడో ఆయన కాగితాల్లో ఉండాలి, ఆ కాగితాలేమో తెరుచుకోవడం లేదు. ఇప్పుడే గడప దాటకూడదన్నారు ఇంట్లో పెద్దవాళ్ళు. దొంగోడి పెళ్ళామని అనిపించుకుని మూల కూర్చోమంటారా అని నేను బయలుదేరాను.

గేటు దగ్గర వాచ్‌మన్ ఆయన కేరియరు కడిగి దాచి ఉంచి నా చేతికిచ్చాడు. అది పట్టుకునే లోపలికి పోయాను.

హైదరాబాదు నుంచి మిషను బాగుచేసే ఆయన వచ్చి కూర్చుని ఉన్నాడు.

"మీ ఆయన పేరేంటమ్మా?" అన్నాడు.

పోయాడు గదా అని మొగుడి పేరు నోటితో ఎట్లా పలుకుతాను? కేరియరు మూత తిప్పి చూపించాను. దాని మీద పేరు కొట్టించి ఉంది.

"లోపలికి పోయేటప్పుడు కొట్టే రహస్యం మాట ఏదైనా మీకు చెప్పాడా?"

"చెప్పలేదయ్యా. చెప్పినా నాకర్థమయ్యేదా?"

"పర్లేదు, నేనే తెరుస్తా. నాకు అన్నిట్లోకీ దారుంది," అన్నాడు. మేనేజరు ఒప్పుకోలేదు. "నువ్వు తెరిస్తే నువ్వే రాశావంటారు. ఫోర్‌మన్ తన గదిలోంచి తన పేరుతో చూడాలి. అప్పుడే నమ్ముతారు."

మిషనాయన కాసేపు చూసి, "చిత్రంగా ఉందే," అన్నాడు. "కాగితాలన్నీ తెరిచే ఉన్నాయి. ఎవరైనా చదువుకోవచ్చని ఈయనే పెట్టాడు. పోయిన రోజే, పొద్దున పదకొండింటికి."

అన్న మాట చేశాడన్నమాట. మరి ఎందుకు తెరుచుకోవు?

పక్క గదిలోంచి ఫోర్‌మన్ అరిచాడు. "పేర్లన్నీ కనపడతన్నయ్. చదవబోతే పర్మిషన్ లేదంటంది!"

"మళ్ళీ కొట్టండి."

"మూడుసార్లు కొట్టా. ఏందయ్యా ఇది, విస్తరేసి అన్నం పెట్టనట్టు!"

"ఆయన బతికున్నప్పుడూ మీకంతేగా, ఫోర్‌మన్ గారూ!" అన్నాడు గుమాస్తా. ఒకరిద్దరు నవ్వి, నన్ను చూసి ఆపుకున్నారు.

మిషను ఆపి మళ్ళీ వేశారు. అదే. కాగితాలు చదవొచ్చని ఇంకోసారి రాశారు. అదే. తెరిచే ఉన్నాయంటాడు మిషనాయన, లేవంటాడు ఫోర్‌మన్. ఇద్దరూ చూస్తున్నది ఒక్కదాన్నే. ఎవరిది అబద్ధమో తెలియక నాకు పిచ్చెక్కినట్టయింది. కాగితమన్నాక ఎక్కడో ఒకచోట ఉండాలి గదా.

"అయ్యా, ఆ కాగితాలు దేంట్లో పెట్టి ఉన్నయ్?" అని అడిగాను.

"డైరెక్టరీ అంటామమ్మా. పెట్టె అనుకోండి."

"ఆ పెట్టె తెరిచి ఉందా?"

"లోపలి పేర్లు కనపడుతున్నాయి గదమ్మా."

"కనపడితే? కేరియరు మర్చిపోయిన రోజున నేను తెచ్చిచ్చేదాన్ని. స్టోరు జాలీలోంచి అరలన్నీ నాకూ కనపడేయి. ఒక్క అరకీ తాళం లేదు. తాళమంతా జాలీ తలుపుకే. ఒక్కనాడన్నా నన్ను లోపలికి రానిచ్చాడా?"

తెలివితో అన్న మాట కాదది. నేను నిజంగా చెక్కపెట్టె అనుకునే అడిగాను. మిషనాయన నా వంక చూసి, గబుక్కున అటు తిరిగాడు. "పెట్టె సంగతి చూడనే లేదు," అని గొణుక్కున్నాడు. పెట్టెలో పేర్లు చూడటానికి ఒక అనుమతి, లోపల చెయ్యి పెట్టడానికి ఇంకొకటట. మొదటిది ఉంది. రెండోది మా ఆయన ఒక్కడికే ఉంది. అది అందరికీ ఇస్తూ మిషనాయన ఒక్క వరస కొట్టాడు.

ఈసారి ఫోర్‌మన్ అరవలేదు. లేచి నడుచుకుంటూ వచ్చాడు. "గుంటూరు," అన్నాడు మేనేజరుతో. "సాయిబు షాపు మూసి ఉందని మోటారు గుంటూరు పంపాడు. ఏ షాపో, ఏ రోజు లారీ ఎక్కించాడో అంతా రాసి ఉంది." నా ముందుకొచ్చి, "అక్కా," అన్నాడు. చేతులు జోడించాడు. రెండు రోజుల్లో మోటారు వచ్చింది. క్యాంటీనులో నోళ్ళు మూతపడ్డాయి.

నాకు మాత్రం ఇప్పటికీ తెలియదు. కాగితాలన్నీ తెరిచిన మనిషి ఆ ఒక్కటీ ఎందుకు వదిలేశాడు? మర్చిపోయాడా? అట్లాంటిది ఒకటుందని తెలియదా? అప్పుడే నొప్పి వచ్చి ఆగిపోయాడా? లేక నా పోరు పడలేక తెరిచాడే గానీ, జాలీ తలుపులాగే అదీ ఉండనీ అనుకున్నాడా? వెళ్ళబోతూ మిషనాయన్ని అడిగాను. అది మిషనుకు తెలియదమ్మా అన్నాడు. ఆ పొద్దున నాకేంది అనకుండా, ఎట్లా తెరుస్తావని ఒక్క మాట అడిగుంటే చెప్పేవాడేమో.

ఏమే, అంతా పెట్టావా? ఆయన పేరు ఎక్కడా రాయలేదు గదా? సరే, మొదటినుంచి చదువు. గబగబా చదవమాక. సైకిల్ స్టాండు తన్నుతూ ఆయనన్న మాట రెండుసార్లు చదువు.