చక్రం వెనక మొద్దు

మా చిన్నాయన పోయాడని బెంగళూరులో నా హాస్టలుకు తంతి వచ్చింది. నేను మంగళవాడ చేరేసరికి మట్టి చేసేశారు. కర్మలయ్యాక ఆయన మోటారుబండిని అమ్మేద్దామన్నాను. అంతే, ఇంట్లో అందరికీ చెడ్డదాన్నయిపోయాను.

"కాలేజీ చదివి మనసు రాయి చేసుకున్నావు గదే! వాని గురుతు అదొక్కటే ఉండాది. అమ్మాలంటావా?" అన్నాడు నాయన. బండిని బాగుచేయించి, డ్రైవరును పెట్టాలని ఆయన పట్టుదల. తమ్ముడి మీద ఆయనకున్న దుఃఖం నాకు అర్థమైంది. నాదే ఆయనకు అర్థం కాలేదు.

మీలో హొసకోట సంతకు వచ్చేవాళ్ళు ఆ బండిని చూసే ఉంటారు. వెనకవైపు తెరిచి ఉండే చిన్న లారీ, దాన్నిండా శనక్కాయ మూటలు. యుద్ధంలో పెట్రోలు దొరక్కపోతే చిన్నాయన దానికి బొగ్గుగ్యాసు డ్రమ్ము కట్టించాడు. పొద్దున్నే బొగ్గులు రాజేస్తూ, మొహమంతా మసితో, "మన బండికీ పొయ్యి వచ్చె సూడు పాపా, సంసారి అయిపాయె" అనేవాడు. రేడియేటరు కారితే కంత పూడేలా గుప్పెడు రాగిపిండి పోసేవాడు. "సంగటి తిన్న బండి, యాడా ఆగదు."

ఆగదన్నది నిజమే. చేతిబ్రేకు ఎప్పుడో పోయింది. వాలులో బండి నిలబడాలంటే చిన్నమ్మ ఉండాలి. ఆమె మూటల మీద కూర్చుని ఒడిలో తుమ్మమొద్దు పెట్టుకునేది. బండి నెమ్మదించాక ఆయన "ఊఁ" అనగానే దూకి, చక్రం వెనక మొద్దు తోసేది. "బ్రేకు దిగినాది, జరగండప్పా!" అని అంగళ్ళవాళ్ళు కేకలేసేవారు.

"కొత్త బండి కొనరాదా చిన్నాయనా?" అని ఒకసారి అడిగాను.

"కొత్తదానికి బ్రేకుంటాది పాపా. మీ చిన్నమ్మ ఇంట్లోనే ఉండిపోతాది. నాకు తోడెవరు?"

"ఈ మాటలు నమ్మొద్దు. ఉత్త పిసినారి!" అంది చిన్నమ్మ. అని, కొంగుతో ఆయన మెడ మీది దుమ్ము తుడిచింది.

ఇప్పుడు మెకానిక్కు వచ్చి చూశాడు. ఇంజను బాగవుతుందట. ఆ చేతిబ్రేకు సామాను మాత్రం ఎక్కడా దొరకదట. "మొద్దేసేది ఆమెకు అలవాటే గదా" అన్నాడు నాయన.

ఆ మాట చిన్నమ్మ చెవిన పడింది. పెరట్లో నా పక్కన వచ్చి కూర్చుంది. దూకీ దూకీ వాచిన మోకాలు చాపుకుని రుద్దుకుంది.

"ఆయన ఊఁ అంటే దూకినా. ఇంకొకడు ఊఁ అంటే నేనెందుకు దూకాల పాపా?" అంది. "మీ నాయన ముందర నాకు నోరు రాదు. నువ్వే చెప్పు."

ఆయన గురుతు ఈమె. ఇంజనులో వెతికితే దొరకడు. నాయనకు అదే చెప్పాను.

మిలిటరీవాళ్ళు అమ్మేస్తున్న లారీల్లో మంచి బ్రేకున్నది ఒకటి చిన్నమ్మ పేరున కొంటాం. పాతదాన్ని అమ్ముతున్నాను.