శాంసన్ ముక్కు

తుర్కయంజాల్లో గిన్నెలు తోమే లిక్విడ్ తయారుచేసే కంపెనీలో శాంసన్ కెమికల్ ఇంజినీరు. చిక్కదనం సంగతి మీటరు చెబుతుంది. వాసన సంగతి మాత్రం ఆయన ముక్కే తేల్చాలి. మూడు నెలల కింద వచ్చిన జ్వరంతో ఆ ముక్కుకు వాసన తెలియకుండా పోయింది. ఉద్యోగం ఊడుతుందన్న భయంతో భార్య జోస్నాకు కూడా చెప్పలేదు. రోజూ చైతన్యపురిలో మెట్రో ఎక్కేముందు నిన్నటి బ్యాచ్ చుక్కలు జేబురుమాలుకు అద్దుకుంటాడు. ముఖం తుడుచుకుంటున్నట్టు దాన్ని విదిలిస్తూ, ఎల్బీ నగర్ వచ్చేలోగా పక్కవాళ్ల ముఖాలు విచ్చుకున్నాయో, ముడుచుకున్నాయో దొంగచూపులు చూస్తాడు. ఎవరూ ఫోన్లోంచి తలెత్తని రోజు ఆయనకు అన్నం సహించదు.

ఈ ఉదయం, లిక్విడ్ కలిపే అండాలమ్మ గ్లాసులో కొత్త బ్యాచ్ తెచ్చింది. శాంసన్ ఎప్పట్లాగే మణికట్టుకు రాసుకుని, కళ్లు మూసుకుని, గుండెల నిండా పీల్చాడు.

"నిమ్మ వాసన మంచిగ పట్టింది," అంటూ రిజిస్టర్లో సంతకం పెట్టాడు.

అండాలమ్మ కదల్లేదు. తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

"సార్, గీ దాంట్ల సెంటు ఇంక కలపనే లేదు. రంగు సూపిద్దామని తెచ్చిన."

శాంసన్ మళ్లీ పీల్చాడు. ఇంకా గట్టిగా, ముక్కుపుటాలు నొప్పి పుట్టేదాకా పీల్చాడు. తర్వాత నాడి చూపించుకునే రోగిలా ఆ మణికట్టును ఆమె ముక్కు ముందుకు చాచాడు.

"జర చూడమ్మా... ఏమన్నా ఒస్తుందా?"