మాట్లాడదామన్న సంగతి

డెబ్భై తొమ్మిదిలో నేను విశాఖ పోర్టులో సరుకు దింపే ఒక ప్రైవేటు కంపెనీ కార్మిక సంఘానికి కార్యదర్శిని. మాది కృష్ణా జిల్లా. పూర్ణా మార్కెట్ దగ్గర అద్దెకుండేవాళ్లం. పక్కవాటాలో ఒక పాలస్తీనా విద్యార్థి ఉండేవాడు. యూనివర్సిటీలో ఇంజనీరింగు చదువు. తెలుగు మాత్రం మార్కెట్లో నేర్చుకున్నాడు. నన్ను అన్నా అనేవాడు, మా ఆవిడని వదినా అనేవాడు.

ఆ మార్చిలో ఈజిప్టు, ఇజ్రాయెల్ శాంతి ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. పేపర్లో ఫొటో చూసి నాకు నిజంగా సంతోషమేసింది. అది పట్టుకుని అతని దగ్గరికి పరుగెత్తాను. గడ్డానికి సబ్బునురగతోనే పేపరు తీసుకుని చదివాడు.

“ఈజిప్టుకి యుద్ధంలో పోయిన ఎడారి తిరిగొస్తాది. మాకేటొస్తాది, అన్నా?”

“మీ సంగతి తర్వాత మాట్లాడతారటగా.”

“ఎవులు మాట్లాడతారు? మమ్మల్ని అడిగినారేటి?”

నాకు కోపమొచ్చింది. “అందరూ ఒప్పుకునేదాకా కూర్చుంటే యుద్ధం ఎప్పటికాగుతుంది? ఈజిప్టు అధ్యక్షుడు ఒక దేశానికి నాయకుడు. తన సైనికుల ప్రాణాలు చూసుకోవద్దా?”

“సూసుకోవాల. మా పేరెందుకు రాయాల అందులో?”

పేపరు అక్కడే వదిలేసి వచ్చేశాను.

ఆ వేసవిలో మా కంపెనీలో సమ్మె జరిగింది. నెల దాటింది. కొన్ని ఇళ్లలో పొయ్యి వెలగడం లేదు. చివరికి యాజమాన్యం దిగొచ్చి పర్మినెంటు వాళ్ల కోర్కెలన్నీ ఒప్పుకుంది. రోజుకూలీకి వచ్చే క్యాజువల్ వాళ్ల విషయం తర్వాత పరిశీలిస్తామని ఒప్పందంలో ఒక్క వాక్యం రాసింది. నేను సంతకం పెట్టాను.

గేటు బయట భీమిలి వైపు నుంచి వచ్చే క్యాజువల్ కార్మికుడు ఆపాడు. సమ్మె టెంటులో రోజూ నా పక్కనే కూర్చున్న మనిషి.

“మేమూ కూకున్నాం కదా బావా. మా సంగతేటి?”

“తర్వాత సర్దుతారు.”

“ఎప్పుడు? నువ్వు సెప్పు.”

ఒప్పందం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. అతను సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి విద్యార్థితో అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టించుకోవాలనే వెళ్లానేమో కూడా.

“సంతకం పెట్టకపోతే ఏటయ్యేది?” అన్నాడు.

“సమ్మె విరిగిపోయేది. ఎవరికీ ఏమీ దక్కేది కాదు.”

“అయితే నాకూ తెల్దన్నా.”

ఆ తర్వాత రెండేళ్లకు ఈజిప్టు అధ్యక్షుణ్ణి కవాతులో సొంత సైనికులే కాల్చి చంపారు. విద్యార్థి సంబరపడతాడేమోనని భయపడుతూ వెళ్లాను. మంచం మీద కూర్చుని ఉన్నాడు.

“మా అమ్మ ఆయన్ని రోజూ తిట్టేది. ఇప్పుడేటి సేత్తాదో,” అన్నాడు. అతని గొంతులో ఉన్నది దుఃఖమో కాదో నాకు అంతుపట్టలేదు. అతనికి మాత్రం పట్టిందా?

చదువు ముగించుకుని అతను గల్ఫుకి వెళ్లాడు. సంఘంలో నన్ను మళ్లీ ఎన్నుకున్నారు. ఏడాది తిరక్కుండా ఆరోగ్యం బాగోలేదని చెప్పి తప్పుకున్నాను. ఆరోగ్యం బాగానే ఉంది. క్యాజువల్ వాళ్లలో కొందరిని చాలాకాలం తర్వాత పర్మినెంటు చేశారు. భీమిలి మనిషి అప్పటికే పని మానేసి సముద్రం మీద చేపల వేటకి పోతున్నాడట.

ఆ కాగితం మళ్లీ నా ముందు పెడితే సంతకం పెడతాననే అనుకుంటాను. అలా అనుకున్న ప్రతిసారీ ఆ మనిషికి నా మొహం ఎలా చూపించాలో తెలియదు.