ఎడమ భుజం

బీరువాలు, ఫ్రిజ్‌లు భుజాన మోసి మేడలెక్కించడం ఆయన పని. సాయంత్రాలు ఆడపిల్లలకు రగ్బీ నేర్పుతాడు, బంతితో పరిగెత్తేవాళ్ళని భుజంతో గుద్ది పడగొట్టే ఆట. వాళ్ళు ఆయన్ని చాటుగా బీరువా సార్ అంటారు. మేనకోడలు కూడా అదే జట్టు.

పోయిన శనివారం మ్యాచ్‌లో ఎదుటి జట్టు పిల్ల బంతితో తన ఎడమపక్క నుంచి దూసుకుపోతుంటే మేనకోడలు అడ్డంపడి పట్టుకోబోయింది. ఆ పిల్ల మోకాలు దీని తలకు తగిలింది. మెడకు పట్టీ వేశారు. ఎడమచేతి వేళ్ళకింకా తిమ్మిరి వదల్లేదు.

"తల తప్పువైపు పెట్టాను మామయ్యా," అంది.

"వెయ్యిసార్లు చెప్పుంటాను," అన్నాడు విసుగ్గా.

సోమవారం మిగతావాళ్ళకు ఆ తప్పు చూపిద్దామని, నిలువెత్తు మెత్తటి సంచీని నిలబెట్టి ఒక్కొక్కళ్ళనీ పడగొట్టమన్నాడు. ఏ పక్కనుంచి వచ్చినా అందరూ కుడి భుజంతోనే గుద్దుతున్నారు. గుద్దేముందు ఎడమ మోచెయ్యి డొక్కకు నొక్కుకుంటున్నారు.

"ఆ చెయ్యెందుకలా దాచుకుంటారు? ఎవరైనా ఎత్తుకుపోతారా?"

"మీరు చూపించేది అలాగేగా సార్," అంది ఓ పొట్టిపిల్ల. అందరూ నవ్వారు.

ఆయన నవ్వలేదు. తొమ్మిదేళ్ళ కింద మెట్లమీద బీరువా జారి ఎడమ భుజమ్మీద పడింది. ఎముక అతుక్కుంది గానీ, ఆ భుజంతో ఆయన మళ్ళీ ఎవరినీ గుద్దలేదు. రెండు భుజాలూ వాడాలని నోటితో చెబుతూనే ఉన్నాడు. చేసి చూపింది మాత్రం ఒక్కటే. ఎడమపక్క నుంచి పోయేవాళ్ళని ఎడమ భుజంతో ఆపితే తల వాళ్ళ వెనక ఉంటుంది. కుడి భుజంతో ఆపితే తల వాళ్ళ మోకాళ్ళకు ఎదురెళుతుంది.

సంచీ ముందు వంగి ఎడమ భుజంతో గుద్దాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. లేచి, "ఇదీ పద్ధతి. ఇన్నాళ్ళూ నేను చూపించింది తప్పు," అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అక్క ఇంటికి వెళ్ళేసరికి ఆమె కూతురి మంచం పక్కన బట్టలు మడతపెడుతోంది.

"దీనికి తొందరెక్కువరా. నువ్వు మాత్రం ఏం చేస్తావు?"

"తొందర కాదక్కా. నేను నేర్పినట్టే చేసింది." భుజం సంగతంతా చెప్పాడు.

అక్క చేతుల్లో దుప్పటి సగం మడతలో ఆగిపోయింది.

"మామయ్యా, ఊరుకో," అంది మేనకోడలు.

"మిగతా పిల్లల అమ్మలకి చెప్పావా?" అంది అక్క.

"లేదు."

"చెప్పి రా. ఆ తర్వాత నాతో మాట్లాడుదువుగాని."

ఆయన వెళ్ళబోయాడు గానీ గుమ్మం దాటలేకపోయాడు. మంచమ్మీద మేనకోడలు ఎడమచేతి బొటనవేలికి మిగతా వేళ్ళను ఒక్కొక్కటే ఆనిస్తోంది. మూడు ఆనాయి. చిటికెన వేలు దగ్గరదాకా వచ్చి ఆగింది. తల్లి చూడకుండా దాన్ని కుడిచేత్తో నొక్కి ఆనించింది.