తునికాకు కట్టల మధ్య ఫ్రెంచి

మొన్న ఆదివారం మా మేనకోడలు సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని ఫ్రెంచి హోంవర్కు చేసుకుంటోంది. ఇంగ్లీషులో ‘లుక్ ఆఫ్టర్’ అన్న మాటను ఫోనులో కొట్టింది. కన్ను మూసి తెరిచేలోగా ‘సొక్యుపే’ అని ఫ్రెంచి మాట వచ్చేసింది. “ఇంతే అత్తా, అయిపోయింది” అని ఫోను పక్కన పడేసింది. నాకు నవ్వాగలేదు. ఆ ఒక్క మాట కోసం ఒకప్పుడు చండ్రుగొండ అవతలి అడవి పల్లెలో వాకిలి నిండా జనం ఎంత అవస్థ పడ్డామో, చివరికి నేను నేలమీద ఎలా పడ్డానో దానికి చెప్పడం మొదలుపెట్టాను. సగం విని స్నానానికి పోయింది. మిగతా సగం ఎవరికో ఒకరికి చెప్పాలి కదా, మీకు చెబుతాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను ఖమ్మంలో ఇంటర్ చదివాను. రెండో భాషగా ఫ్రెంచి తీసుకున్నాను. ఆ భాష మీద ప్రేమ కాదు, జవాబులు చాలావరకు ఇంగ్లీషులోనే రాయొచ్చని, మార్కులు ధారాళంగా వేస్తారని సీనియర్లు చెప్పారు. వేశారు కూడా. ఆ మార్కులు చూసి మా ఇంటిల్లిపాదీ నాకు ఫ్రెంచి వచ్చేసిందని నమ్మారు. అందరికన్నా గట్టిగా నమ్మింది ఆ అడవి పల్లెలో ప్రభుత్వ నర్సుగా ఉన్న మా చిన్నమ్మ. ఆ వేసవిలో ఒక సేవాసంస్థ తరఫున ఫ్రాన్సు నుంచి ఒక నర్సు వచ్చి, జ్వరాలూ విరేచనాలూ వస్తే ఏం చేయాలో, బాలింతలకు ఏం కావాలో అక్కడి ఆడవాళ్లకు నేర్పుతోంది. శిక్షణ పుస్తకం మాత్రం ఆమెకు ముందు పనిచేసిన ఇంగ్లీషు డాక్టరు రాసింది. దాన్ని ఫ్రెంచిలోకి మార్చి పట్టుకెళ్తేనే ఫ్రాన్సులోని సంస్థ పెద్దలు చదివి, మరుసటి ఏడు శిక్షణకూ మందులకూ ఒప్పుకుంటారు. లేకపోతే అంతటితో సరి. బీడీలు చుట్టే తునికాకు కోత ముగిసేసరికి ఆమె తిరుగు ప్రయాణం. “మా అక్క బిడ్డ ఉన్నది, ఫ్రెంచిల ఫస్టు. జల్దీ పిలిపిస్త” అని చిన్నమ్మ నన్నడక్కుండానే మాట ఇచ్చేసింది.

నా ఫ్రెంచి ఎంతో తెల్ల నర్సమ్మకు మొదటి పలకరింపులోనే తెలిసిపోయింది. ఊళ్లో ఆమెను అందరూ అలాగే పిలిచేవారు. నేను ‘బోంజూర్’ అన్నాను. ఆమె గలగలా ఏదో అడిగింది. నేను మళ్లీ ‘బోంజూర్’ అన్నాను. మంచి మనిషి గనుక నవ్వి కుర్చీ చూపించింది. ఆమెకు ఇంగ్లీషు కొద్దిగా వచ్చు, ఇద్దరం కలిసి లాక్కొద్దామనుకున్నాం. చిక్కంతా డాక్టరు రాతతోనే. ఆయన అరుగు మీద కూర్చుని ముచ్చట్లు చెప్పినట్టు రాశాడు. వాంతి చేసుకోవడం ‘త్రో అప్’, స్పృహ తప్పడం ‘పాస్ అవుట్’. విడివిడిగా ఆ మాటలు ఆమెకు తెలుసు, కలిస్తే ఏమవుతాయో తెలియదు. నాకు అర్థం తెలుసు, ఫ్రెంచి తెలియదు. నిఘంటువు ముందేసుకుని మాటకు మాట పేర్చి, పిల్లవాణ్ణి పైకి విసిరినప్పుడల్లా ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు పట్టాలని రాసిచ్చాను. ఆమె చదివి, వాకిట్లో ఆడుతున్న పిల్లల్నీ వాళ్ల తల్లుల్నీ అనుమానంగా చూసింది. సంగతి తెలిసిన చిన్నమ్మ చేతిలోని చాట కింద పెట్టి, పొట్ట పట్టుకుని వంగి, గొంతులోంచి పెద్ద చప్పుడు చేసింది. “వోమిర్!” అని తెల్ల నర్సమ్మ ఎగిరి గంతేసింది. ఆ రోజు నుంచి మా అనువాదం అలాగే సాగింది.

తెల్లవారుజామున అడవికి పోయి తునికాకు కోసుకొచ్చిన ఆడవాళ్లు, ఆకు కొనే కల్లానికి తీసుకెళ్లే ముందు కట్టలు కట్టుకోవడానికి చిన్నమ్మ పనిచేసే సబ్‌సెంటర్ వాకిట్లో చేరేవారు. నేను వాక్యం చదివి తెలుగులో చెప్పేదాన్ని. చిన్నమ్మ ఆ ఊళ్లో ఉన్న ఏళ్లలో పట్టుబడిన కోయ భాషలో వాళ్లకు చెప్పేది. వాళ్లు చేసి చూపించేవారు, తెల్ల నర్సమ్మ రాసుకునేది. అందరిలో గొప్ప నటి ఒక పెద్దవ్వ, నోట్లో చుట్ట లేకుండా ఎవరూ ఆమెను చూడలేదు. పొగాకు తగ్గించాలన్నప్పుడు చుట్టను సగానికి విరిచి ఒక ముక్క చెవి మీద పెట్టుకుంది. పూర్తిగా మానేయాలన్నప్పుడు రెండు ముక్కలూ దూరంగా విసిరింది. అటు ఫ్రెంచి మాట కాగితం మీద పడిందో లేదో, ఇటు లేచి వెళ్లి ఏరుకుంది. “గదేంది అవ్వా, మానేసిన అంటివి?” అని చిన్నమ్మ అడిగితే, “అవ్, పుస్తకంల మానేసిన” అంది. స్పృహ తప్పడం కూడా ఆమే చేసింది. ఎంత బాగా పడిందంటే పక్కింటి కోడలు బిందెడు నీళ్లు తెచ్చి నెత్తిన పోసింది.

చివరి రోజుకు ఒక పేజీ మిగిలింది. మర్నాడు పొద్దున్నే తెల్ల నర్సమ్మ కొత్తగూడెం బస్సెక్కాలి. బాలింతను ఇంట్లోవాళ్లు ‘లుక్ ఆఫ్టర్’ చేయాలన్న దగ్గర బండి ఆగిపోయింది. ఒకామె తినిపించినట్టు చూపింది, తెల్ల నర్సమ్మ అన్నం గురించి రాసింది. ఇంకొకామె విసనకర్రతో విసిరినట్టు చూపింది, అది కొట్టేసి గాలి గురించి రాసింది. మూడో ఆమె తల దువ్వింది. ఏది సరైందో తేలక వాళ్లలో వాళ్లకే గొడవ మొదలైంది. మరుసటి ఏటి మందులు ఈ ఒక్క మాట దగ్గర ఆగిపోతాయేమోనని నాకు ఏడుపొచ్చింది. నేనే బాలింతగా నిలబడతాను, మీరంతా చూసుకోండని ఎండలోకి వచ్చాను. పొద్దుటి నుంచి తిండి లేదు. నీరసంగా నడిచి చూపిద్దామని రెండడుగులు వేశానో లేదో, వాకిలి గిర్రున తిరిగింది.

నేను పడగానే అందరూ చప్పట్లు కొట్టారట. “పడుడు నా తాననే నేర్చింది” అని పెద్దవ్వ మురిసిపోయిందట. చిన్నమ్మ ఒక్కతే నా మొహం చూసి పరుగెత్తుకొచ్చింది. “ఆట గాదే! పిల్లకు ఎండదెబ్బ తాకింది, జల్దీ నీళ్లు తేండ్రి!” నాకు తెలివొచ్చేసరికి నీడలో నులక మంచం మీద ఉన్నాను. నా తల చిన్నమ్మ ఒళ్లో ఉంది. ఒకామె తునికాకు కట్టతోనే విసురుతోంది. ఇంకొకామె నా నోట్లో చెంచాతో నీళ్లు పోస్తోంది. పెద్దవ్వ చుట్ట ఎక్కడ పారేసిందో, గరుకు చేతులతో నా అరికాళ్లు రుద్దుతోంది. తెల్ల నర్సమ్మ నా నాడి పట్టుకుని, వాళ్లను ఒకరి తర్వాత ఒకరిని చూసి, మెల్లగా “సొక్యుపే” అంది. “రాసుకో తల్లీ, మల్ల మరిచిపోతవ్” అంది చిన్నమ్మ తెలుగులోనే. ఆమెకు ఎలా అర్థమైందో గానీ వెంటనే రాసుకుంది. పెద్దవ్వ ఆ పూట చుట్ట వెతుక్కోలేదు.

మరుసటి వేసవికి మందులు వచ్చాయి, శిక్షణా జరిగింది. నేను డిగ్రీలో సిగ్గుకొద్దీ ఫ్రెంచి నిజంగా నేర్చుకున్నాను. ఇవాళ నాకు అన్నం పెడుతున్నది ఆ అనువాదమే. ‘లుక్ ఆఫ్టర్’ అన్న మాట ఎదురైనప్పుడు మాత్రం ఇన్నేళ్లైనా ఫోనుకన్నా ఆలస్యం చేస్తాను. ముందు అరికాళ్లకు ఆ గరుకు చేతులు తగులుతాయి, తర్వాతే మాట వస్తుంది.