కత్తెర మామ కుడి భుజం

వీధి మలుపులో సెలూన్ నడిపే ఆయన్ని అందరూ కత్తెర మామ అంటారు. ఎవర్నీ ఓ పట్టాన నమ్మే మనిషి కాదు. పొద్దున్నే నవ్వుతూ పలకరించినవాడికి తనతో ఏదో పని పడిందనుకుంటాడు. అలాంటివాడికి కుడి భుజం బిగుసుకుపోయింది. మొదట చొక్కా తొడుక్కోవడం గగనమైంది. ఆ తర్వాత దువ్వెన పట్టుకున్న చెయ్యి ఎదుటి మనిషి తలదాకా లేవడం మానేసింది. ఒకరోజు కత్తెర జారి కస్టమర్ ఒళ్లో పడింది.

ఆ సాయంత్రం, పక్క కుర్చీ దగ్గర పనిచేసే బావమరిది, "బావా, కొట్టు నేను చూసుకుంటాలే. నువ్వెళ్లి ఫిజియోథెరపీ చేయించుకో" అన్నాడు.

కత్తెర మామ గల్లాపెట్టెకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"నీ తమ్ముడు నన్ను కొట్టులోంచి సాగనంపుతున్నాడే" అన్నాడు ఇంటికెళ్లి భార్యతో.

"చెయ్యి లేవదు గానీ అనుమానం మాత్రం ఆకాశానికి లేస్తుంది మీకు" అని ఆవిడే మర్నాడు దగ్గరుండి తీసుకెళ్లింది.

మందుల షాపు మీది గదిలో ఓ మంచం, తలుపుకి వేలాడే తాడు, గోడ మీద పెన్సిల్ గీతలు. ఫిజియో మేడమ్ భుజానికి వేడి కాపడం పెట్టి, చేతిని మెల్లగా పక్కకి తిప్పి, వేళ్లని గోడ మీద పైపైకి పాకించమంది.

"సూదీ మాత్రా లేకుండా గోడెక్కిస్తే నొప్పి పోతుందా అమ్మా?"

"కీలు చుట్టూ పొర బిగిసింది. నొప్పని కదపకపోతే ఇంకా బిగుస్తుంది. ఇంట్లో కూడా చేయండి."

ఇంట్లో చేయలేదు, చేశానన్నాడు. మర్నాడు మేడమ్ అతని చెయ్యి పట్టి లేపుతూనే, "నిన్న చేయలేదు కదూ" అంది. అంటే భార్యే చెప్పేసింది, ఆవిడ కూడా వీళ్లతో కుమ్మక్కయిందన్నమాట. ఇక పంతం పట్టాడు. చెప్పినట్టల్లా చేసి, గుణం కనిపించకపోతే నలుగురిలో నిలదీయాలని రోజూ వేళ్లని గోడెక్కించాడు. కొన్నాళ్లకి కుడి పక్కకి తిరిగి పడుకోగలిగాడు. ఎండలు ముదిరాయి కాబట్టి తగ్గిందనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం చెప్పకుండా కొట్టుకి వెళ్లాడు. లోపల ఫిజియో మేడమ్, బావమరిది తలలు దగ్గరగా పెట్టి మాట్లాడుకుంటున్నారు. తన పెద్ద కుర్చీ ఊడదీసి పక్కకి పడేసి ఉంది.

"దొరికారు" అన్నాడు గుమ్మంలోంచే.

బావమరిది తడబడ్డాడు. మేడమ్ మాత్రం కుర్చీ వైపు చూపించింది. "ఇది పైనే ఇరుక్కుపోయింది, కిందికి దిగట్లేదు. ఇన్నేళ్లూ మోచెయ్యి ఎత్తిపెట్టి కత్తిరించారు. వ్యాయామంతో తగ్గినా, దీంతో మళ్లీ వస్తుంది. చూడమని ఈయనే పిలిచారు."

కుర్చీ బాగుచేయించనిది కత్తెర మామే. మెకానిక్ మంచి సామాను కొట్టేస్తాడని భయం. చొక్కా చేతులు మడిచి, బావమరిదితో కలిసి ఇరుక్కున్న చోట నూనె వేసి బోల్టులు బిగించాడు.

కుర్చీ కిందికి దిగింది. "ముందు నాకు కత్తిరించు బావా" అని బావమరిది కూర్చున్నాడు.

చెయ్యి నడినెత్తి దాకా లేచింది. కాస్త పట్టేసినా ఆగలేదు. చివర్లో మెడ దగ్గర కత్తి ఆనిస్తే బావమరిది నిశ్చింతగా కళ్లు మూసుకున్నాడు. కత్తెర మామ చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

"కదలకురా" అన్నాడు, మెల్లగా.