క్యాసెట్టు రెండో వైపు

మా అమ్మ టేప్ రికార్డరు ప్రొద్దుటూరు బస్టాండులో పోయింది. పోయిందంటే దానంతట అది నడిచి పోలేదు, ఎవడో ఎత్తుకుపోయాడు. అమ్మ మాత్రం ఈ రోజుకీ "పోయింది" అనే అంటుంది. నేను సరిదిద్దబోతే "నీ తెలివి నీ దగ్గర పెట్టుకో" అంటుంది.

అప్పుడు నేను పదో తరగతి. మా నాన్న కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరు. అమ్మకు చదువు రాదు, నాన్నకు రాసే ఓపిక లేదు. అందుకని మా ఇంట్లో ఉత్తరాలన్నీ క్యాసెట్ల మీద నడిచేవి. కువైట్‌లో మనుషులున్న ప్రతి ఇంట్లోనూ అప్పట్లో ఇదే పద్ధతి. అక్కడి నుంచి సెలవు మీద వచ్చేవాళ్ల చేతికి నాన్న ఒక క్యాసెట్టు ఇచ్చి పంపేవాడు. మేం విని, మా మాటలు ఇంకోదాంట్లో నింపి, తిరిగి పోయేవాళ్ల చేతిలో పెట్టేవాళ్లం. మాట్లాడేది అమ్మ, ఎర్ర మీట నొక్కేది నేను.

మీట పడగానే మొదట క్షేమసమాచారాలు. "బాగుండావా? మేం బాగుండాం. గొర్రెలు బాగుండాయి." గొర్రెల తర్వాతే నా వంతు వచ్చేది. ఆ పైన ఊరి సంగతులు మొదలయ్యేవి, ఇక అమ్మను ఆపడం ఎవరి తరమూ కాదు. ఆమె పుట్టిల్లు పులివెందుల పక్కన వేముల. ఆ నోటికి బ్రేకు వేయించడం మీ తాత మర్చిపోయాడని నాన్న అనేవాడు.

మాది జమ్మలమడుగు పక్క మైలవరం దగ్గర ఒక ఊరు. పై వీధి ఒక పార్టీ, కింది వీధి ఇంకో పార్టీ. పై వీధిలో పుట్టినవాళ్లం గనక మేం పై వీధి పార్టీ. మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ కాదనలేదు. పై వీధి నాయకుణ్ణి పెద్దాయప్ప అనేవాళ్లం. కింది వీధి నాయకుణ్ణి మా వీధిలో ఏమనేవాళ్లో అచ్చులో రాయడం బాగుండదు.

ఆ ఏడు ఓట్ల రోజున ఊళ్లో బాంబులు పడ్డాయి. ఆ చప్పుడుకు మా మందలో రెండు చూడి గొర్రెలకు కడుపులు పోయాయి. అమ్మ క్యాసెట్టు మొదటి వైపు మొత్తం కింది వీధి నాయకుడికి అంకితం చేసింది. వాని కొంప కూల, వాని నోట్లో మన్నుబడ, ఇంకా నాకు తెలియనివి కొన్ని. అరగంట తిట్టి, నీళ్లు తాగి, "తిప్పు మే" అంది.

రెండో వైపు పెద్దాయప్పకు దక్కింది. "మనోడు మాత్రం ఏమన్నా తక్కువ తిన్నాడా? కొట్లాటకు ఇంటికొగ మొగోణ్ణి పంపమన్నాడు. మా ఇంటాయన కువైట్‌లో ఉండాడు గదన్నా అంటే, అయితే రెండు పొట్టేళ్లు పంపమన్నాడు. మొగోడైనా పొట్టేలైనా ఆయప్పకు ఒగటే లెక్క." అక్కడి నుంచి గొంతు తగ్గిపోయింది. "నువ్వు వచ్చే నెల సెలవు మీద వస్తానంటివి. వస్తే నిన్ను జీపుకు డ్రైవరుగా పెట్టుకుంటానని చెప్తాండాడు. ఆ జీపు తోలినోళ్లు ఏమైనారో నీకు తెల్సు. మూడేండ్లయ నీ మొగం చూసి. చూడాలని శానా ఉంది. అయినా రావాకు. నా మీద ఒట్టు, రావాకు."

ఆ ఒక్క మాట నాన్నకు చేరాలి. ఫోను చేద్దామంటే ఊళ్లో ఉన్న ఒకే ఒక్క ఫోను పెద్దాయప్ప ఇంట్లో ఉండేది. ఉత్తరం రాద్దామంటే పోస్టు డబ్బా ఆయన అరుగు మీదే ఉండేది. కువైట్ పోయే మనిషి ఒకాయన శుక్రవారం జమ్మలమడుగు నుంచి బయలుదేరుతున్నాడు, ఆయన చేతికి క్యాసెట్టు ఇస్తే సరిపోయేది. సరిగ్గా అప్పుడే టేప్ రికార్డరు మూత బిగుసుకుపోయింది. క్యాసెట్టు లోపల, మేం బయట. బాగు చేయించడానికి దాన్ని వైరు బుట్టలో పెట్టుకొని ప్రొద్దుటూరు బస్సెక్కాం.

బస్టాండులో దిగగానే ఎవడో అమ్మ కాలు తొక్కాడు. అమ్మ బుట్ట కింద పెట్టి, రెండు చేతులూ ఖాళీ చేసుకొని, అతనికి కావలసినంత పెట్టింది. తిట్టడం అయ్యి వంగేసరికి బుట్ట లేదు.

అక్కడ నిలబడి ఉన్న ఒక పోలీసాయనకు చెప్పాం. ఆయన ముందు మా ఊరు అడిగాడు, తర్వాత మా వీధి అడిగాడు. విని, నవ్వాడు. "మీ పెద్దాయప్ప ఉండంగ నా దగ్గరికి వచ్చినారేందమ్మా? ఆయప్పకు చెప్తే రెండు దినాల్లో మీ ఇంటికొస్తాది."

అమ్మ నన్ను లాక్కొని తిరుగు బస్సెక్కింది. పెద్దాయప్పకు చెప్తే టేప్ రికార్డరు దొరుకుతుంది, అందులో అనుమానం లేదు. దొరికితే వింటాడు, అందులోనూ అనుమానం లేదు. లోకంలో వస్తువు పోగొట్టుకున్న వాళ్లంతా అది దొరకాలని మొక్కుకుంటారు. మా అమ్మ మాత్రం దారి పొడుగునా అది పెన్నలో పడాలని మొక్కుకుంది.

మేం ఊరు చేరేలోపే ఊరికి సంగతి చేరింది. పెద్దాయప్పే మనిషిని పంపి పిలిపించాడు. "మన వీధి ఆడమనిషి వస్తువు మీద చెయ్యేసినారంటే కింది వీధోళ్ల పనే."

"కాదన్నా, ప్రొద్దుటూర్లో పోయింది. అది పాతది, చెడిపోయింది. పోతే పోనీలే అన్నా."

"ఎట్ల పోనిస్తాం? ఇది మన పౌరుషం."

అమ్మ వద్దనే కొద్దీ ఆయన పట్టుదల పెరిగింది. మూడో రోజు పొద్దున టేప్ రికార్డరు దొరికింది. ఎత్తుకుపోయినవాడు పెద్దాయప్ప జీపులో తిరిగే ఒకతని బామ్మర్దేనట. మన వాడే గనక అది దొంగతనం లెక్కలోకి రాలేదు, తెలియక తీశాడన్నారు. ఊళ్లో మాత్రం కింది వీధివాళ్ల దగ్గర గుంజుకొచ్చామని చెప్పుకున్నారు.

మేం పోయేసరికి వరండాలో పది మంది కూర్చొని ఉన్నారు. ఎదురుగా స్టూలు మీద మా టేప్ రికార్డరు. మూత బాగు చేయించారు, అడక్కుండానే. అందులోంచి మా అమ్మ గొంతు వస్తోంది. కింది వీధి నాయకుడి కొంప కూలుతోంది, నోట్లో మన్ను పడుతోంది. పెద్దాయప్ప తొడ కొట్టుకొని నవ్వుతున్నాడు. "ఏం నోరమ్మా నీది! ఎలక్షన్లో మైకు నీకిచ్చింటే ఇంగో వెయ్యి ఓట్లు పడతాండె."

మొదటి వైపు అయిపోయి మీట టక్కున లేచింది. ఒకతను లేచి, "ఇంగో పక్క తిప్పుదునా అన్నా?" అన్నాడు. అమ్మ నా చేయి పట్టుకుంది. గోళ్లు దిగాయి.

"ఆ పక్క పాటలుండాయి," అన్నాను నేను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ అబద్ధం, నాకే తెలియదు.

"పాటలెవరికి గావాలమ్మీ!" అని పెద్దాయప్ప మిషను మా చేతికిచ్చి, క్యాసెట్టు తన దగ్గర పెట్టుకున్నాడు. వచ్చిన వాళ్లకు వినిపించాలట. వాకిలి దగ్గర ఆయన భార్య నిలబడి ఉంది.

ఇంటికొచ్చాక ఇంకో క్యాసెట్టు పెట్టి ఎర్ర మీట నొక్కాను. శుక్రవారానికి ఇంకా రెండు రోజులుంది, అదే మాట మళ్లీ చెప్పమన్నాను. అమ్మ మిషను వంక చూసి, "బాగుండాం. గొర్రెలు బాగుండాయి. నువ్వు రా," అంది. అంతే. నాకు ఒళ్లు మండిపోయింది. నేనే చెప్తానని ముందుకు వంగితే నా చేతి మీద కొట్టింది. "ఇది గూడా వానికే దొరికితే? నోరుమూసుకోని బతుకుదాం మే." మా అమ్మ నోట ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి. ఏడుపొచ్చింది.

గురువారం మధ్యాహ్నం పెద్దాయప్ప భార్య మా ఇంటికి వచ్చింది. ఆమె ఎవరింటికీ వచ్చే మనిషి కాదు. అమ్మకు బొట్టు పెట్టి, పసుపు కుంకుమతో పాటు రవికగుడ్డ ఒడిలో పెట్టింది. గుడ్డ మడతలో గట్టిగా ఏదో తగిలింది. విప్పితే మా క్యాసెట్టు.

ఆమె నన్ను చూసి, "పాటలుండాయంటివే అమ్మీ," అంది. "వంట చేసుకుంటా ఇందామని పెట్టుకున్నా."

అమ్మ ఆమె కాళ్ల మీద పడబోయింది. "తప్పయిపోయింది వదినా. నోటి దురుసు..."

"లెయ్ పాపా. నువ్వన్నదాంట్లో తప్పేముంది?" ఆమె అమ్మ పక్కనే నేల మీద కూర్చుంది. "నా తమ్ముడు గూడా ఆ జీపు తోలినోడే. వాన్ని రావాకు అని నేను చెప్పలేదు. నేనే పిలిపించినా." లేచి కొంగు సర్దుకుంది. "ఆయన అడిగితే టేపు నలిగి తెగిపోయినాదని చెప్తా. ఇదే పంపు."

శుక్రవారం జమ్మలమడుగు పోయి పంపాం. నాన్న జవాబు రావడానికి రెండు నెలలు పట్టింది. మొదటి వైపు అక్కడి ఎండలూ, సేటు పిల్లల అల్లరీ, నా చదువూ. రెండో వైపు మొదట్లోనే ఒక్క మాట.

"సరే. రాను."

ఆ తర్వాత ఏమీ లేదు. ఖాళీ టేపు తిరుగుతోంది. ఇంకేమీ లేదని ఆపేయబోతే అమ్మ నా చేయి పట్టుకుంది. మధ్యలో ఆయన ఒకసారి దగ్గాడు. అమ్మ మీట టక్కున లేచేదాకా, అరగంటసేపు, ఒక్క మాట మాట్లాడకుండా విన్నది.